తొంభై ఏడో రోజు తెగిన వేలు

మా తమ్ముడి కూతురు పోయిన నెల ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో ఉద్యోగానికి చేరింది. చేరిన నాలుగో రోజు ఫోన్ చేసి, "పెద్దనాయనా, యాక్సిడెంట్ రిజిస్టర్‌లో ఏం రాయల్ల?" అని అడిగింది.

"జరిగింది రాయి" అన్నాను.

"అంతేనా?"

అంతే. కానీ ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో దాదాపు ఇరవై ఏళ్లు ఖర్చయ్యాయి. అదంతా ఫోన్‌లో చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఫారం ఏ తేదీలోగా పంపాలి అన్నవి ఇందులో ఉండవు. అవి ఇప్పుడు కంప్యూటరే చెబుతుంది. అది చెప్పనివి కొన్ని చెబుతాను.

మూర లెక్క

నేను చదివింది పదో తరగతి వరకే. లెక్కలు నేర్పింది బడి కాదు, మా అమ్మ. తిరుత్తణి కొండ కింద మెట్ల దారి మొదట్లో ఆమె పూలు అమ్మేది. పూలమాల మూరల్లో అమ్ముతారు. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. మా అమ్మది పొట్టి చెయ్యి. పక్కన కూర్చునే ఆమెది పొడుగు చెయ్యి. తెలిసిన వాళ్లు పక్కకే పోయేవాళ్లు. ఒకరోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి, తన మూరకూ ఆమె మూరకూ ఎన్ని మొగ్గలు తేడా ఉందో ఎంచమంది. పదకొండు తేలింది. మరునాటి నుంచి అమ్మ ప్రతి మూరకూ కొసరు అంటూ పన్నెండు మొగ్గలు కలిపి కట్టింది.

"పదకొండే కదమ్మా తక్కువ?" అన్నాను.

"పదకొండు వేస్తే సమానం అవుతాం. సమానంగా ఉంటే మన దగ్గరికి ఎందుకు వస్తారు?" అంది.

మనిషి శరీరంతో కొలవడం నాకు అలా అలవాటైంది. తర్వాత చేసిన ఉద్యోగంలో మనిషి శరీరాన్నే కొలవాల్సి వచ్చింది.

తిరువళ్లూరు పొలిమేరలో బండ్లకు రేకు భాగాలు కొట్టే ఒక ఫ్యాక్టరీ ఉండేది. పెద్ద పెద్ద ప్రెస్సు యంత్రాలు, అరవై నాలుగు మంది మనుషులు. అందులో టైమాఫీసు గుమాస్తాగా చేరాను. హాజరు, సెలవులు, ఓటీ నా పని. వాటితో పాటు ఎవరికైనా దెబ్బ తగిలితే రిజిస్టర్‌లో ఎక్కించి కార్మికుల బీమా ఆఫీసుకు రిపోర్టు పంపాలి. దెబ్బ పనిలోనే తగిలిందని వాళ్లు ఒప్పుకుంటే, మానేదాకా జీతంలో పెద్ద భాగం వాళ్లే ఇస్తారు. వేలో కాలో శాశ్వతంగా పోతే, సంపాదించే శక్తి నూటికి ఎంత పోయిందో లెక్కగట్టి బతికున్నన్నాళ్లూ నెలనెలా కొంత ఇస్తారు.

ఆ లెక్కకు ఒక పట్టిక ఉంది. బొటనవేలికి ఇంత, చూపుడు వేలికి ఇంత, కన్నుకు ఇంత, మోకాలికి పైన పోతే ఇంత, కింద పోతే ఇంత. ఒక మధ్యాహ్నం పని లేక ఆ పట్టికలో ఉన్న అవయవాల అంకెలన్నీ కూడి చూశాను. మనిషి నూరు దాటి చాలా దూరం పోయాడు. మొత్తం మనిషికి మాత్రం నూరే. మూడుసార్లు కూడినా అంతే వచ్చింది. మా మేస్త్రి దేశప్పను పిలిచి చూపించాను.

"ఇందులో ఏముంది సార్ వింత?" అన్నాడు. "బండి కూడా అంతే కదా. స్పేర్ పార్ట్స్‌గా విప్పి అమ్మితే బండి ధర కంటే ఎక్కువే వస్తాది."

సాంబారు కేసు

దెబ్బను ఏ పేరుతో పిలుస్తామన్నదే ఈ ఉద్యోగంలో సగం పని. నా మొదటి మేనేజరుకు "తెగింది" అనే మాట పడేది కాదు. ఏడు కుట్లు పడినా "గీరుకుంది" అని రాయించేవాడు. ఎముక విరిగితే "వాచింది". ఆయన ఉన్నన్నాళ్లూ మా రిజిస్టర్ చదివితే, ఫ్యాక్టరీలో అందరూ ముళ్లపొదల్లో ఆడుకుంటున్నారని అనుకోవాలి. మంచి మనిషే. కూతురి పెళ్లికి అందరినీ పిలిచాడు. కానీ ఆయన చేతి కింద ఎవరికీ న్యాయం జరగలేదు. మంచితనానికీ దీనికీ సంబంధం లేదని కొత్తగా చేరేవాళ్లు తెలుసుకోవాలి.

కార్మికులేమీ తక్కువ వాళ్లు కాదు. ఒకాయన భోజనం తర్వాత క్యాంటీన్ బెంచీ మీద నిద్రపోయి, దొర్లి కిందపడి మోచెయ్యి బెణికించుకున్నాడు. పనిలో తగిలిన దెబ్బగా రాయమన్నాడు.

"నిద్రపోవడం పని ఎట్లవుతుందయ్యా?" అన్నాను.

"మధ్యాహ్నం అన్నం పెట్టింది ఎవరు? కంపెనీ. ఆ సాంబారు తింటే నిద్ర రాకుండా ఉంటాదా? సాంబారు వల్ల నిద్ర వచ్చినాది, నిద్ర వల్ల పడినాను. యాడ తప్పుందో చెప్పు సార్."

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అతను చెప్పింది చెప్పినట్టే రాసి పంపాను. బీమా ఆఫీసు ఏమందో మాత్రం ఇక్కడ రాయను. ఒప్పుకున్నారని రాస్తే రేపు నలుగురు బెంచీల మీద నుంచి పడతారు.

తంగవేలు తాత పుస్తకం

మా గేటు దగ్గర తంగవేలు అనే వాచ్‌మన్ ఉండేవాడు. మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. అందరికీ తాత. గేటు దాటి లోపలికి వచ్చేదీ వెలుపలికి పోయేదీ ఏదైనా సరే, సంఖ్యతో, కారణంతో తన పుస్తకంలో తమిళంలో రాసేవాడు. ఒక వానాకాలం పేజీ నాకు బాగా గుర్తు. "లోపలికి: పాము – 1. కారణం: తెలియదు. అనుమతి: లేదు." మరో గంటకు, "వెలుపలికి: అదే పాము."

మేమంతా ఆ పుస్తకాన్ని చూసి నవ్వేవాళ్లం. నాలుగు రంగుల సిరాతో, స్కేలు పెట్టి గీతలు గీసి రాసే నా రిజిస్టర్ల పక్కన అదొక పుస్తకమా అనుకునేవాణ్ణి.

బోర్డూ కుక్కర్లూ

పెద్ద కంపెనీ వాళ్లెవరో వచ్చి చెప్పారని మా మొదలాళి, అంటే యజమాని, గేటు లోపల ఒక పచ్చ బోర్డు పెట్టించాడు. "ప్రమాదం లేకుండా గడిచిన పనిరోజులు" అని పైన. కింద సుద్దతో అంకె. రోజూ పొద్దున ఆ అంకె మార్చేది నేనే. ఎవరికైనా దెబ్బ తగిలితే సున్నా నుంచి మొదలు.

ఇరవైకో ముప్పైకో సున్నా పడుతూ ఉంటే, మొదలాళికి విసుగొచ్చి ఒక ప్రకటన చేశాడు. నూరు చేరితే మనిషికొక ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు.

ఆ రోజు నుంచి మా ఫ్యాక్టరీలో దెబ్బలు తగలడం ఆగిపోయింది. గీరుకోవడం కూడా ఆగిపోయింది. ఇంట్లో నుంచి తెచ్చిన గుడ్డపీలికలు మాత్రం వేళ్లకు కనబడేవి. ఏమిటయ్యా అంటే "వేడి నీళ్లు పడినాయి", "మా ఇంటిది కోడిని పట్టుకోమంటే పొడిచింది". ఒక వారంలో కోళ్లు ముగ్గురిని పొడిచాయి. ఆ ముగ్గురిలో ఒకాయన మాంసం తినడు, కోడిని పెంచడు. నాకు తెలుసు. అయినా పొద్దునే సుద్దముక్క తీసుకుని ఒకటి పెంచేవాణ్ణి. అంకె పెరుగుతుంటే చూడటం నాకు కూడా ఇష్టంగా ఉండేది. అది నా తప్పుల్లో మొదటిది.

మంగళవారం

ఆ మంగళవారం బోర్డు మీద తొంభై ఏడు రాసి వచ్చాను. పదకొండు కాకముందే నాలుగో నంబరు ప్రెస్సు ఆగింది. ప్రెస్సు షాపులో శబ్దానికి ఎవరూ తలెత్తరు. శబ్దం ఆగితేనే తలెత్తుతారు.

ఆ ప్రెస్సు మునిరత్నానిది. తిరుత్తణి దగ్గర పల్లె మనిషి. ఇద్దరం ఒకే రైల్లో వచ్చేవాళ్లం. నాకోసం కిటికీ సీటు పట్టి ఉంచేవాడు. వెళ్లి చూస్తే కుడి చేతికి తువ్వాలు చుట్టుకుని కింద కూర్చున్నాడు. చూపుడు వేలు పై కణుపు పోయింది. ప్రెస్సు దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాలి, చేతులు లోపల ఉండకూడదనే అలా చేస్తారు. ఒక బటన్‌లో అట్టముక్క దూర్చి ఉంది. ఒక చేతితో బటన్, ఇంకో చేతితో రేకు. అలా చేస్తే తప్ప రోజుకు ఇన్ని రేకులన్న లక్ష్యం అందదు. ఆ లక్ష్యం కట్టింది నేనే. అందరిలో వేగంగా చేసే మనిషి పక్కన, చల్లని పొద్దుటి పూట గడియారం పెట్టుకుని కూర్చుని కట్టాను. అది రెండో తప్పు.

"మునీ, మునీ, ఇంక మూడు దినాలు ఆగలేకపోయినావే!" అని దేశప్ప తల పట్టుకున్నాడు.

"నేనేమన్నా పంచాంగం చూసి పెట్టినానా మేస్త్రీ?" అన్నాడు మునిరత్నం పళ్లు బిగబట్టి. నా వైపు తిరిగి, "అన్నా, బోర్డు తుడిచేస్తావా?" అన్నాడు.

"తుడవాలి కదా మునీ."

"వద్దన్నా. అరవై మూడు ఇండ్లల్లో నన్ను తిట్టుకుంటారు. అందరికంటే ముందు మా ఇంట్లోనే తిడతాది. కుక్కరు వస్తాదని వసంత పాత అల్యూమినియం గిన్నెను పాతసామాన్లోడికి వేసేసినాది."

చుట్టూ నిలబడ్డ వాళ్లు నా ముఖమే చూస్తున్నారు. దేశప్ప గొంతు తగ్గించి, "సార్, వేలు ఎటూ పోయినాది. దినం మారిస్తే వేలుకేమన్నా తెలుస్తాదా? శుక్రవారం కుక్కర్లు అయిపోనీ. శనివారం పోయినట్టు రాయి" అన్నాడు.

ఆలోచించాను. వేలు అదే, మనిషి అతనే, ప్రెస్సు అదే. నాలుగు అంశాల్లో మూడు నిజం. తేదీ ఒక్కటే తేడా. నూటికి డెబ్బై అయిదు నిజం అంటే పరీక్షలో మంచి మార్కులే కదా అనుకున్నాను. ఇది మూడో తప్పు. మిగిలిన రెండింటినీ కలిపినా దీనికి చాలవు.

తెలిసిన డాక్టరు ఒకాయన చీటీ ఏమీ లేకుండా కట్టు కట్టాడు. ఇక ప్రెస్సు నడపాలి. కానీ ఒక్కరూ దాన్ని ముట్టలేదు. రక్తం చూసిన యంత్రానికి గుమ్మడికాయ కొట్టకుండా ఎవరూ చెయ్యి పెట్టరు. మా వైపు ఏ షాపులోనైనా ఇది అందరికీ తెలిసిన సంగతి. దేశప్ప బండి మీద పోయి బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. లోపల కుంకుమ పోసి, నాలుగో నంబరు ప్రెస్సుకు మూడుసార్లు తిప్పి దాని ముందు పగలగొట్టాడు. జరగని ప్రమాదానికి అలా శాంతి జరిగింది. పన్నెండు గంటలకు ప్రెస్సు మళ్లీ నడిచింది.

నూరో రోజు

మూడు రోజులూ మునిరత్నం డ్యూటీకి వచ్చాడు. చెయ్యి పైకి ఎత్తి ఉంచమని డాక్టరు చెప్పినందువల్ల, స్టోరు రూంలో బస్తాల వెనక, టీచర్ని ఏదో అడగబోతున్న పిల్లవాడిలా చెయ్యెత్తుకుని కూర్చునేవాడు. హాజరు వేశాను. నాలుగో నంబరు ప్రెస్సు చేసిన రేకులను అతని పేరు మీదే రాశాను. ముందుగా సిద్ధం చేసుకోవడం నా అలవాటు. గురువారమే ప్రమాదం రిపోర్టు నింపి పెట్టాను. శనివారం, ఉదయం పదిన్నర, నాలుగో నంబరు ప్రెస్సు. మా ఆఫీసు అమ్మాయితో, "సోమవారం పొద్దున నువ్వు చేయాల్సిన మొదటి పని ఇది. కంప్యూటర్‌లో ఎక్కించేయ్" అని చెప్పాను.

శుక్రవారం సాయంత్రం షామియానా వేశారు. ఫొటోలో బాగుండాలని అట్టపెట్టెలు విప్పి అరవై నాలుగు కుక్కర్లను గోపురంలా పేర్చారు. మూతలు వేరుగా ఇంకో గోపురం. రెండు దుకాణాల సరుకు అది. మూతలు కలిసిపోయాయి. మునిరత్నం వంతు వచ్చినప్పుడు తువ్వాలు కప్పిన కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చెయ్యి చాపాడు. మొదలాళి ఒక్క క్షణం ఆ తువ్వాలు వైపు చూశాడు. తర్వాత ఫొటోగ్రాఫర్ వైపు చూసి నవ్వాడు. ఆయనకు తెలుసు. అంత ఫ్యాక్టరీలో తనంతట తాను చేసే పని ఆయనకు ఒకటే ఉండేది, తెలియనట్టు ఉండటం.

ఆ సంతోషంలో మైకు పట్టుకుని ఎవరూ అడగని ఇంకో వరం ఇచ్చాడు. "రేపు ఆడికృత్తిక పండగ. అందరికీ సెలవు! పోయి స్వామిని చూసుకోండి!"

అందరూ ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. మరునాడు తిరుత్తణిలో కావడుల గుంపుల్లో మా వాళ్లు చాలామంది కనబడ్డారు. సోమవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరి కుక్కరుకు ఎవరి మూత పడుతుందో చూడటమే నా పనైంది. నేను గురువారం చెప్పిన పనిని మా ఆఫీసు అమ్మాయి తొమ్మిదీ పదికే చేసేసింది. బాగా చేసే అమ్మాయి.

వసంత తెచ్చిన ఉత్తరం

పది రోజులకు మునిరత్నం భార్య వసంత గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించింది. చేతిలో బీమా ఆఫీసు ఉత్తరం.

"అన్నా, ఇది చదువు. మా ఆయన పండగ దినం, ఎవరూ లేని ఫ్యాక్టరీలో దూరి, తనంతట తనే ప్రెస్సు వేసుకుని వేలు కోసుకున్నాడంట."

ఉత్తరం అంత మాట అనలేదు. మీరు చెప్పిన తేదీన ఫ్యాక్టరీ మూసి ఉంది, గాయం వయసు కూడా ఆ తేదీతో పొసగడం లేదు, కాబట్టి ఇది పనిలో తగిలిన దెబ్బ అనడానికి ఆధారం లేదు, విచారణకు వస్తాం అని ఉంది.

"నువ్వే చెప్పన్నా, ఆ దినం పదిన్నరకు ఆయన యాడుండె?"

నేను ఉత్తరం మడిచాను.

"కొండ మీద. నా పక్కనే గుండు కొట్టించుకుంటా ఉండె. లెక్కల్లో నీ అంత మనిషి లేడని ఇంట్లో రోజూ చెప్తాడు. నీ లెక్కలో శనివారం ఎట్ల వచ్చిందన్నా?" అంది. తిట్టినా బాగుండేది. ఆమె నిజంగానే అడిగింది.

విషయం మొదలాళికి చెప్పాను. ఆయన "ఇంట్లో కత్తిపీట మీద కోసుకున్నాడని చెప్పమను. రిపోర్టు పొరపాటున పోయిందని నువ్వు రాసెయ్యి. నేను అతని చేతిలో కొంత పెడతాను" అన్నాడు. మనసులో చెడు పెట్టుకుని అన్న మాట కాదు. కానీ చేతిలో పెట్టేది ఒకసారి పెడతారు. పట్టిక ప్రకారం వచ్చేది మునిరత్నం బతికున్నంత కాలం వస్తుంది. అతని వయసు ముప్పై నాలుగు. ఆ తేడా లెక్కగట్టుకోవడానికి నాకు కాగితం కూడా అవసరం లేకపోయింది.

విచారణ

ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కతే వచ్చింది. మాది ఆరణి అని తెలుగులోనే మాట్లాడింది. ముందు మునిరత్నాన్ని పిలిచింది. మొదలాళి చెప్పిన పాఠం అతను బుద్ధిగా కంఠతా పట్టి వచ్చాడు.

"శనివారం పదిన్నరకు నువ్వు యాడున్నావు?"

"కొండ మీదమ్మా. పూకావడి" అని చెప్పేసి, నాలుక కరుచుకుని, "కత్తిపీట" అన్నాడు.

"కొండ మీద కత్తిపీటా?"

"కొండ వేరే, కత్తిపీట వేరే అమ్మా."

"కావడి ఏ చేత్తో పట్టుకుంటివి?"

"ఎడమ చేత్తో. కుడి చేతికి కట్టుంది కదమ్మా."

"అంటే కొండెక్కక ముందే కట్టు ఉంది."

మునిరత్నం నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు లెక్కకు అందదు. అబద్ధం చెప్పలేకపోయినందుకు అతను నన్ను క్షమాపణ అడుగుతున్నట్టుగా ఉంది.

"మేడం, ఆ తేదీ నేను రాసింది" అన్నాను. మంగళవారం నుంచి మొత్తం చెప్పాను. కుక్కర్లు, అట్టముక్క, రోజు లక్ష్యం, అన్నీ. మొదలాళి కిటికీలో నుంచి బయటికి చూస్తున్నాడు.

ఆమె విని, పెన్ను మూత పెట్టింది. "సరే. మొన్న శనివారమని చెప్పినారు. ఈ దినం మంగళవారమంటా ఉండారు. మొదటిది అబద్ధమని మీరే ఒప్పుకుంటిరి. రెండోది నిజమని ఎట్ల నమ్మేది? మీ చేతి రాత కానిది ఏమన్నా ఉండాదా?"

ఏమీ లేదు. డాక్టరు చీటీ లేదు. హాజరు పుస్తకంలో మంగళ, బుధ, గురు, శుక్రవారాలు మునిరత్నం పూర్తి డ్యూటీ. ప్రెస్సు లెక్కలో అతని పేరు మీద ఒక్క రేకు తగ్గలేదు. బోర్డు ఫొటోలో నూరు. అన్నీ ఒకదానితో ఒకటి అద్దినట్టు సరిపోయాయి. నా సర్వీసులో లెక్క సరిపోయినందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆ ఒక్కరోజే.

అప్పుడు తలుపు దగ్గర తంగవేలు తాత కనబడ్డాడు. చంకలో గేటు పుస్తకం.

"అమ్మా, లోపలికి వచ్చేటప్పుడు సంతకం పెట్టకుండా వచ్చినారు" అన్నాడు తమిళంలో. "ఎవరైనా సరే పెట్టాల్సిందే."

ఆమె సంతకం పెట్టింది. పెట్టి, పుస్తకం తిరిగి ఇవ్వబోయి ఆగింది. పేజీలు వెనక్కి తిప్పింది. ఒక చోట వేలు పెట్టి పైకి చదివింది.

"మంగళవారం. పదీ యాభై అయిదు. వెలుపలికి: మునిరత్నం, చేతికి తువ్వాలు. వేళ్లు – తొమ్మిదిన్నర."

ఆమె తర్వాతి వరుస చదివింది.

"పదకొండూ ముప్పై. లోపలికి: మేస్త్రి దేశప్ప, బండితో. వెంట: గుమ్మడికాయ – 1, కుంకుమ పొట్లం – 1. కారణం: నాలుగో నంబరు ప్రెస్సు మునిరత్నం వేలు తినింది."

మొదలాళి కిటికీ దగ్గర నుంచి తిరిగి, "తాతా, రాయవద్దని నీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పినారయ్యా. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయవద్దన్నారు. అది సారుది. ఇది గేటు పుస్తకం."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. "మా నాయన రైసుమిల్లులో పనిచేసినాడు. మిల్లులో మామూలు దినం గుమ్మడికాయ ఎందుకు కొడతారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు" అని లేచి, నాలుగో నంబరు ప్రెస్సు దగ్గరికి నడిచింది. కింద సిమెంటు మీద కుంకుమ మరక ఇంకా ఎర్రగానే ఉంది. ఫొటో తీసుకుంది. బటన్‌లోని అట్టముక్కను కూడా.

సున్నా

మునిరత్నం ప్రమాదం మంగళవారం నాటిదిగానే ఒప్పుకున్నారు. శాతం కట్టారు. ఆ నెల నుంచే డబ్బు రావడం మొదలైంది. తప్పుడు రిపోర్టుకు కంపెనీకి జరిమానా, నాకు మెమో. మొదలాళి నన్ను పిలిచి, "నువ్వు నా మనిషివా, వాళ్ల మనిషివా?" అన్నాడు. అంతలో టీ వచ్చింది. ఇద్దరం తాగాం. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. అందుకే ఆయన గురించి నేను పూర్తిగా చెడుగా రాయలేను.

కానీ నూరు రోజులు నిజం కాదు కాబట్టి కుక్కర్లు వెనక్కి తీసుకోమన్నాడు. దేశప్ప వచ్చి, "సార్, ఇచ్చేస్తాం. కానీ నా మూత మునిగాడి కుక్కరు మీద ఉండాది, వాడి మూత యాడుందో ఎవరికీ తెలియదు. జత కలిపి ఇవ్వల్లంటే దీపావళి అవుతాది" అన్నాడు. నేను అదే లెక్క కాగితం మీద వేసి మొదలాళికి చూపించాను. అరవై నాలుగు కుక్కర్లు, అరవై నాలుగు మూతలు, ఇన్ని ఇళ్లు, ఇన్ని సాయంత్రాలు. ఆయన కాగితం చించేశాడు. నా వంతుకు వచ్చిన కుక్కరును నేను ఇంటికి తీసుకుపోలేదు. బల్ల కింద పెట్టి రబ్బరు స్టాంపులు వేసుకునేవాణ్ణి. దాని మూత కూడా దానిది కాదు.

మరునాడు బోర్డు తుడిచి సున్నా వేశాను. లక్ష్యం మళ్లీ కట్టాను, ఈసారి రెండు చేతులతో, మధ్యాహ్నం ఎండలో. ఆ పొద్దున టైమాఫీసు ముందు ఐదుగురు నిలబడ్డారు. ఒకడికి గోరు పోయింది, ఒకడికి మోచేతి మీద కాలింది. వీటిలో కొన్ని నెల కిందటివి. కోడి పొడిచిన ముగ్గురూ వచ్చారు. అన్నీ రాశాను, ఏ రోజు జరిగితే ఆ రోజు పేరుతో. ఆ నెల మా రిజిస్టర్ చూస్తే చుట్టుపక్కల అంతటి ప్రమాదకరమైన ఫ్యాక్టరీ లేదు. నేను ఉన్నన్నాళ్లూ ఇంకో వేలు మాత్రం పోలేదు. బోర్డు మీద అంకె మళ్లీ ముప్పై దాటలేదు. దాటనివ్వలేదు అనడమే సరి.

తంగవేలు తాత పని మానుకున్నాక ఆ గేటు పుస్తకం మునిరత్నానికి ఇచ్చారు. ప్రెస్సు మీద పనిచేయలేడు, కానీ పెన్ను పట్టగలడు. తాత కంటే కఠినంగా ఉండేవాడు.

నేను రిటైరైన రోజు సాయంత్రం స్టాంపులన్నీ బల్ల మీద పెట్టేసి, కుక్కరు చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాను.

"అన్నా, సామాను వెలుపలికి పోతా ఉండాది. గేట్ పాస్ యాడ?"

"ఇది నాదే మునీ. అప్పుడిచ్చిందే."

"నీదే అన్నా. రాయల్ల కదా." కూర్చుని, మధ్యవేలికీ బొటనవేలికీ మధ్య పెన్ను పట్టుకుని తమిళంలో నింపాదిగా రాశాడు. "వెలుపలికి: లెక్కల సారు – 1. కుక్కరు – 1. మూత – 1, వేరేది." తలెత్తి, "కారణం ఏం రాసేదన్నా?" అన్నాడు.

"వయసైపోయిందని రాయి."

రాశాడు. టైము దగ్గర ఆగాడు.

"ఐదున్నర వేసుకో మునీ" అన్నాను. డ్యూటీ వదిలే టైము అదే. అన్ని పుస్తకాల్లోనూ అదే ఉంటుంది.

మునిరత్నం గోడ గడియారం వైపు చూశాడు.

"ఐదూ ముప్పై రెండన్నా" అని, అదే రాశాడు.